కొత్త వెల్డర్లకు బ్లాస్టింగే గురువు

ఇంట్లో చిన్నాచితకా ఇనుప పనులు సొంతంగా చేసుకోవాలనుకునే కొత్తవాళ్లు ఏ వెల్డింగు నేర్చుకోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. గ్యాసా, రాడ్డా, కొత్తగా వచ్చిన వైరు మిషనా? అయ్యా, అదంతా తర్వాతి సంగతి. ముందు ఓపెన్‌కాస్టు గని పక్కన ఒక ఇల్లు సంపాదించండి! ఈ విద్యకు బొగ్గు కోసం బాంబులు పేల్చే బ్లాస్టింగును మించిన గురువు లేడు.

నమ్మకం లేదా? గోదావరిఖని శివార్లలో ముత్యాన్ని అడగండి.

ముత్యం బొగ్గు బాయిలో పనిచేస్తాడు. బర్రెలు వాకిట్లోకి జొరబడి భార్య జమున పెంచిన బెండ మొక్కలు మేస్తున్నాయని, గేటు తానే చేస్తానని పంతం పట్టాడు. వెల్డింగు షాపు ఫరీద్‌ను సలహా అడిగాడు.

“గ్యాసు జోలికి పోకన్నా. సిలిండర్లు, పైపులు, ఏడ లీకైతదోనని ఒకటే ఫికర్. వైరు మిషన్ అల్కనే గాని, బయట గాలి కొడితే అతుకు మంచిగ రాదు. కొత్తోనివి, రాడ్డు పట్టు. ముందుగాల టాకాలే, చుక్క చుక్క అతుకులే ఎయ్యి. కొలత కుదిరినంకనే పూర్తిగ అతుకు” అన్నాడు ఫరీద్.

బంగారంలాంటి సలహా. ముత్యం మిషన్ కిరాయికి తెచ్చి, నల్లద్దం అడ్డం పెట్టుకుని, అక్కడో టాకా ఇక్కడో టాకా వేశాడు. తయారైన గేటు ఒక మూల నాలుగు వేళ్లు కిందికి దిగింది.

“గిదేంది, గేటా, కుక్కి మంచమా?” అంది జమున.

మధ్యాహ్నం సైరన్ కూసింది. గనిలో బాంబు పేలింది. పప్పు గిన్నెలో దుమ్ము రాలింది, గేటు స్తంభం నాలుగు వేళ్లు ఒరిగింది. ఇప్పుడు చూస్తే గేటు అచ్చంగా సరిపోయింది!

“నేను ముందే ఆలోచించి చేసిన” అన్నాడు ముత్యం మీసం సవరించుకుంటూ.

గేటుకు తగ్గట్టు స్తంభాన్నే వంచి పెట్టే సేవ హైదరాబాదులో దొరుకుతుందా, చెప్పండి? వారం తిరక్కుండా మరో బాంబుకు స్తంభం ఇంకోవైపు ఒరిగింది. ముత్యం టాకాలు ఊడగొట్టి మళ్లీ వేశాడు. ఆ పై వారం మళ్లీ. ఐటీఐలో ఏళ్లు కూర్చున్నా ఇంత ప్రాక్టీసు అవుతుందా? పైగా కిటికీల పని కూడా తప్పింది. గోడల్లో నెర్రెలు పడి గాలి దానంతటదే వస్తోంది. పిల్లలు పడుకునే గదిలోనైతే చెయ్యి పట్టేంత నెర్రె.

ముత్యానికి మాత్రం కృతజ్ఞత లేదు. వానలు పడితే ఆ గోడ పిల్లల మీద కూలుతుందని భయం. బాగుచేయించమని గని ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

చివరికి ఒక సారు వచ్చారు. గోడ కట్టించడం, మానడం ఆయన మాట మీదే ఉంది. నెర్రెలు చూశారు. ఆ తర్వాత మూలనున్న వెల్డింగు మిషన్ చూశారు. ముఖం వెలిగింది.

“ఇంట్ల వెల్డింగ్ చేస్తున్నరు కదా. ఆ వేడికే గోడలు పగిలినయ్. బ్లాస్టింగుకు సంబంధం లేదు.”

అంతలో సైరన్ కూసింది. సారు గబగబా గేటు వైపు నడిచారు. చెయ్యి వేసేలోపే బాంబు పేలి, స్తంభం ఒరిగి, గేటు బిగుసుకుపోయింది.

“ముత్యం, జల్ది తియ్యి.”

టాకాల మీదున్న గేటు. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఊడొస్తుంది. ముత్యం సుత్తి తీసి మిషన్ వెనక పెట్టాడు.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. వెల్డింగ్ వేడికి బిగుసుకున్నది. సల్లారితే అదే ఒస్తది.”

జమున పిల్లల గదిలో కుర్చీ వేసింది. “అందాక గీడ కూసోండ్రి సార్. గోడకు మంచిగ ఆనుకోండ్రి.”

సారు వాకిట్లో ఎండకే నిలబడ్డారు.