ఏడు రోజుల అతిథి

మీలో ఎవరైనా పరాయి దేశంలో కాపురం పెడితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అక్కడి నిబంధనల పుస్తకం మీ ఆవిడ చేతికి అందనివ్వకండి. నేను అందనిచ్చాను, అనుభవించాను.

మా మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన ఎక్కడుంటే అక్కడ తెల్లారి ఐదింటికి ఈల మోగుతుంది. అల్లుడన్న జాలి కూడా లేకుండా గుంజీలు తీయిస్తారు. అలాంటి మనిషి మా ఇంటికొచ్చి మూడు నెలలు ఉండి వెళతానని ఫోను చేశారు. తండ్రిని చూసి మూడేళ్ళయిందేమో, ఫోను పెట్టేసి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం నా నిద్ర మీద బెంగ పట్టుకుంది.

ఈ దేశంలో తుమ్మినా దగ్గినా చట్టమే. ఆదివారం గోడకు మేకు కొడితే జరిమానా. ఇన్ని చట్టాల్లో ఇంకొకటి కలిపితే ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. కొత్తవాళ్ళకిచ్చే నిబంధనల పుస్తకం తెరిచి, ఓ పేజీ మీద వేలు పెట్టి, గొంతు సవరించుకున్నాను. ఇంటికొచ్చిన అతిథి ఏడు రోజులు దాటి ఉండకూడదని, ఉంటే ఇంటిల్లిపాదినీ దేశం దాటిస్తారని మా ఆవిడకి చదివి వినిపించాను.

"మా నాన్న కూడా అతిథేనా?" అంది.

"నాదేముంది? చట్టం."

మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం అనిపించింది గానీ, ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫాలో కూర్చుని ఏదో కాగితం చదువుతోంది. ఇంకో వారం పెంచమని బతిమాలదామని పుస్తకం పట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళిందట. వచ్చీరాని భాషలో గుమాస్తాకి ఆ పేజీ చూపించిందట. కోడిగుడ్డు పెంకులు ఏ డబ్బాలో వేయాలో ఉందట అందులో.

నేను బూట్లు విప్పడంలో మునిగిపోయాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఇల్లు మారితే పద్నాలుగు రోజుల్లో ఆ ఆఫీసులో పేర్లు రాయించుకోవాలన్నది మాత్రం నిజమైన చట్టమేనట. ఈ ఇంటికి మారాక రేపు, ఎల్లుండి అంటూ దాన్ని రెండు నెలలు నానబెట్టింది నేనే.

"ఇంటిపెద్దగా నా పేరు రాయించాను," అంది తాపీగా.

"మరి నేను?"

"ఎవరికి వాళ్ళే వెళ్ళాలట. ఇంటిపెద్ద సంతకంతో ఒప్పుకోలు కాగితం తీసుకెళ్ళాలట. అందాకా మీరు ఈ ఇంట్లో అతిథి. ఎన్ని రోజులుండొచ్చో మీరే చదివారుగా."

ఆవిడ ఇంకో కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. మామగారిని పిలుస్తూ నేను నింపాల్సిన ఆహ్వాన పత్రం అది. ఆరు నెలలని రాయమంది.

"మూడన్నారుగా?"

"చట్టం ఆరింటికి ఒప్పుకుంటుందట. అడిగి తెలుసుకున్నాను."

రాశాను. అప్పుడు తను ఇంటిపెద్దగా దాని మీదా, నా ఒప్పుకోలు కాగితం మీదా సంతకం పెట్టింది.

మామగారు మెడలో ఈలతోనే విమానం దిగారు. కారెక్కుతూ, "ఇక్కడ చట్టాలు గట్టివటగా అల్లుడూ, ఎన్నాళ్ళుండనిస్తారు?" అని అడిగారు.

"మీ అమ్మాయి సంతకం ఉన్నన్నాళ్ళు మామయ్యగారూ," అన్నాను. "మీకైనా, నాకైనా అంతే."