పెద్దాయన లేవట్లేదు

హెడ్‌క్లర్కుగారు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, టిఫిను కానివ్వాలి, బస్సు అందుకోవాలి, ఆఫీసులో పడాలి. ఆఫీసులో ఆయన్ని అందరూ ‘హెడ్డుగారు’ అంటారు. ఇంట్లో ఆ హోదా చెల్లదు. ఇంట్లో హెడ్డు భార్య. ఈయన వాటాకి వచ్చింది హెడ్డేకు. ఆవిడ బడిలో లెక్కల టీచరు. మర్నాటి పరీక్షకు తయారుచేసిన ప్రశ్నపత్రం ఆ మధ్యాహ్నంలోగా బడికి చేర్చాలి. ఆ పత్రం మాత్రం ‘పెద్దాయన’ కడుపులో ఉంది.

పెద్దాయన అంటే ఆ ఇంట్లో మూలగదిలో ఉన్న పాత డెస్క్‌టాప్ కంప్యూటరు. లేచేటప్పుడు మూలుగుతుంది. లేచాక కాసేపు ఎవర్నీ గుర్తుపట్టదు. చెప్పిన పనే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటుంది. ఇన్ని పెద్దతరహా లక్షణాలున్నదాన్ని ‘అది’ అనడం మర్యాద కాదని ఇంట్లోవాళ్ళు ‘ఆయన’ అనడం మొదలుపెట్టారు. నిజానికి ఆ ఇంట్లో రక్తమాంసాలున్న పెద్దాయన వేరే ఉన్నారు, హెడ్డుగారి మామగారు. ఆయన తెల్లవారకముందే లేస్తారు, మూలగరు, ఏ పనీ రెండోసారి చెప్పించుకోరు. అందుకే ఆయనకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

“ఏమండీ! పెద్దాయన లేవట్లేదు!” అని కేక వినబడింది.

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా హెడ్డుగారు పరుగెత్తుకొచ్చారు. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, లోపల్నుంచి పొడుగ్గా ఒక కూత వస్తోంది. తెర మీద మాత్రం కటిక చీకటి.

“మొన్న ఆదివారం మీరు దీన్ని విప్పి, బ్రష్షు పెట్టి దుమ్ము దులిపారు. అప్పట్నుంచే ఈ తంతు,” అంది భార్య.

“దుమ్ము దులిపితే మంచిదే కదే!”

“మీరు దులిపింది దుమ్ము కాదు, తెంపింది దాని దుంప. మెకానిక్కుని పిలుస్తున్నా.”

“నేనుండగా మెకానిక్కా?” అన్నారు హెడ్డుగారు. దుమ్ము దులిపిన మనిషి చేతులు దులుపుకుంటే బాగుండదని ఆయన బాధ. “ఒక్క పూట సెలవు పెడతా. నువ్వు బడికి వెళ్ళేలోగా కాగితం నీ చేతిలో ఉంటుంది.”

ఆఫీసుకు ఫోను చేశారు. మేనేజరు దగ్గర సెలవు సంపాదించడం రాయిని పిండి కాఫీ తాగడం లాంటిది. జ్వరమొచ్చిందంటే, “ఆఫీసు ఫ్యాను కింద కూర్చో, తగ్గుతుంది,” అనే మనిషాయన.

“సార్, ఒక పూట సెలవు కావాలి. మా ఇంట్లో పెద్దాయన పొద్దున్నుంచీ లేవట్లేదు సార్.”

“లేవట్లేదా? అసలేమైనా కదలికుందా?”

“లోపల గురగురమంటోంది సార్. గట్టిగా ఒక్క కూత పెట్టి, అంతే, మొహం నల్లబడిపోయింది.”

“అయ్యయ్యో! బాగా పెద్దవయసా?”

“మూడేళ్ళ కిందటే పోవాల్సినవాడు సార్. ఏదో నేను లాక్కొస్తున్నా.”

“డాక్టరుకి చూపించారా?”

“డాక్టరెందుకు సార్, దండగ! ఇంట్లో స్క్రూడ్రైవరుంది, నేనే విప్పి చూస్తా.”

తర్వాత వచ్చిన గొంతు మేనేజరుది కానట్టే ఉంది. “హెడ్డుగారూ, బాధలో మనిషి ఏం మాట్లాడతాడో తనకే తెలీదు. మా నాన్న పోయినరోజు నేనూ ఇలాగే పిచ్చిపిచ్చిగా మాట్లాడాను. మీరేం విప్పకండి. మీ ఇంట్లో మామగారు ఉంటున్నారని విన్నాను. మామగారంటే తండ్రితో సమానం. మూడు రోజులు ఆఫీసు మొహం చూడొద్దు.”

అప్పుడు వెలిగింది హెడ్డుగారికి. ఒక్క మాట చాలు. ‘సార్, నేనన్నది కంప్యూటరుని’ అంటే పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది కూడా. కానీ తాను ఉద్యోగంలో చేరాక తొలిసారి మేనేజరు తడిగొంతుతో మాట్లాడుతున్నాడు. పైగా అడగని మూడు రోజులు. ఆ మాటను హెడ్డుగారు మింగేశారు. “థాంక్స్ సార్,” అని ఫోను పెట్టేశారు. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజాన్ని మాత్రం నోట్లోనే పూడ్చిపెట్టారు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మామగారు, చేతిలో టార్చిలైటుతో.

“సెలవిచ్చారా అల్లుడుగారూ?”

“ఇచ్చారు మామయ్యగారూ.”

“పాపం, మంచివాడు. ఏమని చెప్పారేం?”

“ఉన్నదే చెప్పాను,” అన్నారు హెడ్డుగారు, నురగ ఉన్న చెంపని ఆయన వైపు తిప్పి. సెలవు తీసుకున్నది తాను. ‘సెలవు తీసుకున్న’ ఖాతాలో పడింది మాత్రం, పాపం, టార్చి పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి.

ఇద్దరూ కలిసి పెద్దాయన్ని ఎత్తి బల్ల మీద పక్కకు పడుకోబెట్టారు. మనసు విప్పి చెప్పాల్సిన చోట హెడ్డుగారు పెట్టె విప్పారు. తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టారు. తెర తీగ మార్చారు. మెమరీ ముక్కను బయటికి లాగి, భార్య రబ్బరుతో దాని అంచులు తుడిచి, తిరిగి దాని గాడిలో దూర్చారు. మీట నొక్కారు. మళ్ళీ అదే కూత.

“ఇదేమిటి అల్లుడుగారూ?” అన్నారు మామగారు టార్చి వేస్తూ.

“మదర్‌బోర్డండి.”

“అమ్మకైతే బోర్డు పెట్టారుగానీ నాన్నకి పెట్టలేదేం?”

ఇంకో రోజైతే హెడ్డుగారు పకపకా నవ్వేవారు. ఇవాళ నాన్న అన్న మాట చెవిలో పడగానే చేతిలో మరమేకు జారి కిందపడింది. మామగారు మోకాళ్ళ మీద వంగి, మంచం కిందికి దూరి, వెతికి తెచ్చి ఇచ్చారు.

“మాకోసం సెలవు పెట్టి మరీ మీకెంత శ్రమ! మీలాంటి అల్లుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి,” అన్నారు.

పెట్టి పుట్టిన మనిషిని పొద్దున్నే సాగనంపిన అల్లుడికి తల పెట్టెలో పెట్టి మూత వేసుకోవాలనిపించింది. ఇంతలో భార్య, “మీ వైద్యం తెమిలేలా లేదు, పక్కింటివాళ్ళ ల్యాప్‌టాప్ అడిగొస్తా. మొత్తం మళ్ళీ టైపు చేసుకోవాలి, నా ఖర్మ,” అంటూ వెళ్ళిపోయింది. ఫోను మోగింది. మేనేజరు.

“బయల్దేరాం హెడ్డుగారూ. నేనూ, టైపిస్టమ్మా.”

హెడ్డుగారి గుండె బూటు కింద పడ్డట్టయింది. పెద్దాయనకు లేని బూటింగు ఈయన గుండెకు తగిలింది. నిజం చెప్పేద్దామంటే రెండడుగుల దూరంలో మామగారు టార్చి పట్టుకుని ఉన్నారు. “వద్దు సార్, దయచేసి రావద్దు. ఆయన... ఆయన బాగానే ఉన్నారు సార్!”

“అలాగే అనిపిస్తుంది హెడ్డుగారూ. మొదటిరోజు అందరికీ అలాగే అనిపిస్తుంది,” అని మేనేజరు ముక్కు చీదాడు.

కాసేపటికి తలుపు గంట మోగింది. హెడ్డుగారి చేతులు ఆయన అనుమతి లేకుండానే మంచం మీది తెల్లదుప్పటి లాగి కంప్యూటరు మీద కప్పేశాయి. ఎందుకు కప్పాయని అడిగితే ఆ చేతులే చెప్పాలి. ఆయన బయటికి వచ్చేలోగా మామగారు వెళ్ళి తలుపు తీశారు. గుమ్మంలో తలవంచుకున్న మేనేజరు, చేతిలో పెద్ద పూలచక్రం. వెనక కళ్ళొత్తుకుంటున్న టైపిస్టమ్మ.

“పెద్దాయన...?” అన్నాడు మేనేజరు.

“లోపలి గదిలో ఉన్నాడండీ. బల్ల మీద పడుకోబెట్టాం,” అన్నారు మామగారు. కంప్యూటరు కోసం పూలు పట్టుకొచ్చే ఆఫీసు ఎంత గొప్పదో అని ఆయన ఆశ్చర్యపోతున్నారు. “మా అల్లుడుగారు ఇంకా ఆశ వదల్లేదు. పొద్దున్నుంచీ కరెంటు పెట్టి చూస్తూనే ఉన్నారు.”

టైపిస్టమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. మేనేజరు గోడ పట్టుకున్నాడు.

“మీరు ఆయనకి బాగా కావలసినవారా?”

“రోజూ చదరంగం ఆడుకునేవాళ్ళమండీ. ప్రతిసారీ ఆయనే గెలిచేవాడు. ఇక లేవడని తేలితే, పనికొచ్చే భాగాలు తీసి అవసరమున్నవాళ్ళకి ఇచ్చేస్తామంటోంది మా అమ్మాయి.”

“అవయవదానం!” మేనేజరు చేతులెత్తి దండం పెట్టాడు. “ఎంత గొప్ప కుటుంబమమ్మా!”

ముగ్గురూ గదిలోకి వచ్చారు. బల్ల మీద తెల్లదుప్పటి కింద ఉన్న ఆకారం చూసి టైపిస్టమ్మ, “ఎంత చిక్కిపోయారు పాపం!” అని ఘొల్లుమంది. హెడ్డుగారు గోడలో కలిసిపోదామని గోడకు ఆనుకున్నారు, గోడ ఒప్పుకోలేదు. మేనేజరు పూలచక్రాన్ని దుప్పటి మీద ఉంచి, రెండు చేతులతో భక్తిగా నొక్కాడు. కింద ఎక్కడో ఏదో గాడిలో పడ్డట్టు ‘టక్’ మంది.

“రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాడు.

నలుగురూ తల వంచారు. మామగారు కూడా వంచారు, చదరంగం రుణం ఉంది మరి. అయితే మౌనం మధ్యలో ఆయనకు మనసాగలేదు. “ఆఖరిసారి ఒక్కసారి చూద్దాం,” అని గొణిగి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మీట నొక్కారు.

దుప్పటి కింద గుర్రుమంది. ఎర్రదీపం మినుకుమంది. మూల ఉన్న తెర మీద కొండలూ పచ్చికా వెలిశాయి. సంగీతం మోగింది.

టైపిస్టమ్మ కెవ్వుమని మంచమెక్కేసింది. మేనేజరు దుప్పటి లాగి చూశాడు, చూసి హెడ్డుగారిని చూశాడు, మళ్ళీ మామగారిని చూశాడు.

“మీరెవరండీ?”

“ఈయన మామగారినండి.”

పూలచక్రానికి కట్టిన రిబ్బను అందరి తరఫునా మాట్లాడింది. మామగారు కళ్ళజోడు తీసి పెట్టుకుని నింపాదిగా చదివారు: “హెడ్‌క్లర్కుగారి మామగారికి కన్నీటి వీడ్కోలు. సిబ్బంది.”

హెడ్డుగారు నేల చూపులు చూస్తూ చెప్పేశారు. “పొద్దున సార్ పొరపడ్డారు మామయ్యగారూ. నాకు వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను దిద్దలేదు.”

“సెలవు రద్దు!” అని మేనేజరు గర్జించాడు. “ఆఫీసంతా కన్నీళ్ళు పెట్టుకున్నామయ్యా! నేను సంతాప ప్రసంగం కూడా రాసుకొచ్చాను!”

“రాశారా?” మామగారి కళ్ళు మెరిశాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “చదవండి మరి. పోయాక నేనెలాగూ వినను.”

మేనేజరు తటపటాయించి, జేబులోంచి కాగితం తీసి, “ఆయన లేని లోటు తీర్చలేనిది...” అని చదివాడు, ఎదురుగా ఉన్న ఆయన్ని చూడకుండా. మామగారు ప్రతి వాక్యానికీ తల ఊపారు. అయ్యాక అల్లుడి వైపు తిరిగారు. “ఈయన నన్నెరగనివారు. అయినా ఇంత చెప్పారు. ఇంట్లోవారు కదా, మీరూ నాలుగు ముక్కలు చెప్పండి.”

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. పొద్దున్నుంచీ పెద్దాయనలోని ప్రతి మరమేకూ ఎక్కడుందో నేర్చుకున్న బుర్ర అది. మామగారి గురించి వెతికితే ఒక్క ముక్క దొరకలేదు. ఆయన రిటైరయ్యారని తెలుసు. ఏ ఉద్యోగం నుంచో? ఏదో ఆనకట్ట దగ్గర... లేక వంతెనా? ఏ కూర ఇష్టం? ఎవరు స్నేహితులు? బుర్రలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, తెర మీద బొమ్మ రావట్లేదు. చివరికి, “మామయ్యగారు... టార్చి బాగా పట్టుకుంటారు,” అన్నారు. చెవుల దాకా ఎర్రబడ్డారు.

ఎవరూ నవ్వలేదు. అదే అన్నిటికంటే పెద్ద శిక్ష.

పక్కింటి నుంచి ఉత్తచేతులతో వచ్చిన భార్య ఈ మాట ఒక్కటే విన్నది. భర్తనూ, రిబ్బన్నూ, తండ్రినీ వరసగా చూసి, ఏమీ అడగకుండా పెద్దాయన ముందు కూర్చుని ప్రశ్నపత్రం ప్రింటు తీసుకుంది. లెక్కల టీచరు కదా, లెక్క తేల్చడం సాయంత్రానికి పెట్టుకుంది.

“రేపు పొద్దున్నే ఆఫీసులో కనపడాలి,” అన్నాడు మేనేజరు బయల్దేరుతూ.

“అబ్బే, సెలవు రద్దు చెయ్యకండి,” అన్నారు మామగారు నెమ్మదిగా. “నా పేరు మీద ఇచ్చారు కాబట్టి అది నాది. ఎలా వాడాలో నేను చూసుకుంటా.” మేనేజరు సరేననక తప్పలేదు. వాళ్ళు వెళ్ళాక మామగారు ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు. “కూర్చోండి అల్లుడుగారూ. మళ్ళీ ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. మొదట్నుంచీ చెబుతా. మా ముత్తాతగారి నాన్నగారు అనగనగా...”

హెడ్డుగారు తలవంచుకుని కూర్చున్నారు. మధ్యలో లేవాలంటే మొహం చెల్లలేదు.

మూడో రోజు సాయంత్రానికి మామగారు ఇంకా పుట్టలేదు.