ఆగమ్మ డ్రమ్ముకు సాంబ్రాణి

ఆ ఆదివారం పొద్దున అసోసియేషన్ ప్రెసిడెంటు మురళీమోహన్ టెర్రస్ మీదికి వచ్చి ఆగమ్మ ఎరువు డ్రమ్ము వాసన చూడాలి. కంపు ఉంటే డ్రమ్మును ఆ రోజే తీసేయాలి. కిష్టారెడ్డిపేటలోని ఆ అపార్ట్‌మెంటు పార్కింగులో వారం నుంచి కుళ్లు కంపు కొడుతోంది. అది పైనున్న డ్రమ్ముదేనని ఆయన ముందే తేల్చేశాడు.

ఆగమ్మ చెత్త వేరు చేసే తీరు చూడాల్సిందే. పాలపాకెట్లు కడిగి, చీరల పక్కన దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. గాజుపెంకులు పేపర్లో చుట్టి, చెత్తబండి వాళ్ల చేయి తెగకుండా గుర్తుకు ఎర్రదారం కడుతుంది. కూరగాయల తొక్కలు డ్రమ్ములో వేసి, ఎండుటాకులు కప్పి, పుల్లమజ్జిగ చల్లుతుంది. ఆ ఇంట్లోంచి చెత్త కూడా తలదువ్వుకుని బయటికి పోతుంది.

"కిందింటి ఆలంబీ దగ్గర మజ్జిగ తెస్త. నువ్వు డ్రమ్ముకాడ ఉండు. ఏం ముట్టకు" అని మొగుడు పెద్దరాములుకు చెప్పి పోయింది.

భార్య డ్రమ్ము పోతుందేమోనని పెద్దరాములుకు బెంగ. ఊరికే ఉండలేకపోయాడు. కంపు ఉన్నా తెలియకూడదని గిన్నెలో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, ఎండుటాకుల సంచి మీద పెట్టాడు. ప్రెసిడెంటు వస్తున్నాడేమోనని మెట్ల దిక్కు చూస్తూ కూచున్నాడు. వెనక సంచి అంటుకుంది.

పై అంతస్తులో ఉండే ఇమ్తియాజ్ మందుల కంపెనీలో నైట్ డ్యూటీ చేసి పడుకున్నాడు. ముక్కుకు ఘాటు తగలగానే, కళ్లు తెరవకముందే తడి తువాలు మొహానికి చుట్టుకున్నాడు. కంపెనీలో నేర్పింది అదే.

"గ్యాస్ లీకయింది. తడిబట్ట కట్టుకోండ్రి. లిఫ్టు ఎక్కకుండ్రి. జల్దీ."

కంపెనీలు నిండిన పటాన్‌చెరు చుట్టుపక్కల ఈ మాటను ఎవరూ అనుమానించరు. ఏ కంపెనీది అని మాత్రం అడుగుతారు.

"రంగుల కంపెనీదా?"

"రంగులదైతే కండ్లు మండుతయ్. ఇది మందులదే."

అందరూ కిందికి దిగారు. పక్కింటి నాగరత్నం పప్పు కుక్కరుతో సహా దిగింది. మురళీమోహన్ పెళ్లాంపిల్లల్ని కారెక్కించి, సంచులు పెడదామని డిక్కీ తీశాడు. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఆ కంపును తడిబట్టలు కూడా ఆపలేకపోయాయి.

"గ్యాస్ ఈ డిక్కీలకెల్లే వస్తుంది సాబ్" అన్నాడు ఇమ్తియాజ్.

ఆగమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి డిక్కీలోకి తొంగిచూసింది. ముడేసిన నల్ల కవర్లు. అన్నం, చేపముళ్లు, డైపర్లు, అన్నీ ఒక్కదాంట్లోనే. వేరు చేయకపోతే చెత్తబండి వాళ్లు తీసుకోరు. అందుకే మురళీమోహన్ ఆఫీసుకు పోతూ రోడ్డు పక్కన విసిరేసేవాడు. ఈ వారం అక్కడ కెమెరా పెట్టారు.

"సార్, నా డ్రమ్ము కిందికెప్పుడు దిగింది?" అంది ఆగమ్మ.

మురళీమోహన్ తడి రుమాలు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు.

ఆమె చెంబు పక్కన పెట్టి, ఒక కవరు ముడి విప్పింది. "అన్నం, ముళ్లు నాకియ్యుండ్రి. డైపర్లు పేపర్ల చుట్టి వేరే పెట్టుండ్రి. కవర్ కడుగుండ్రి. గంతే సార్, పెద్ద పనేం గాదు."

అప్పుడు పైనుంచి పెద్దరాములు గొంతు వినిపించింది.

"ఏమే, మజ్జిగ దెచ్చినవా? జెర జల్దీ తే. పని వడ్డది."

ఆ మజ్జిగతోనే సంచి మంట ఆరింది. డ్రమ్ముకు ఏమీ కాలేదు. ఇప్పుడు మురళీమోహన్ దండెం మీద కూడా పాలపాకెట్లు ఆరుతున్నాయి.

టెర్రస్ తాళంచెవి మాత్రం ఆగమ్మ పెద్దరాములుకు ఇవ్వటం లేదు.