యాభై అయిదు అంగుళాల పారదర్శకత

"ఇకమీదట ప్రభుత్వం చేసే ప్రతి పనీ ప్రజల కళ్ళముందే జరుగుతుంది" అని మంత్రిగారు ప్రకటించారు. వెంటనే మా ఆఫీసు హాల్లో యాభై అయిదు అంగుళాల తెర వెలిసింది. దానికి మంత్రిగారి ల్యాప్‌టాప్ తగిలించే భాగ్యం ఆపరేటర్నైన నాకు దక్కింది.

మొదటి లబ్ధిదారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. రికార్డుల్లో ఆయన పోయి పద్నాలుగు నెలలయింది. మంత్రిగారు ఒక్క క్లిక్ కొడితే మళ్ళీ బతుకుతారు.

"రేపు పొద్దున్నే నాకు కంటి ఆపరేషన్ బాబూ. పోయినవాళ్ళకి చెయ్యరుట" అన్నారాయన నాతో.

రికార్డుల వెబ్‌సైటు అయిదింటికి మూసేస్తారు. అప్పటికి నాలుగుంపావు.

మంత్రిగారు క్లిక్ కొట్టారు. తెరమీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"నెట్ పోయింది సార్."

"ప్రతిపక్షమా?"

"కేబులు సార్. తెరకి తగిలిస్తే వైఫై పోతోంది, తీస్తే వస్తోంది."

మంత్రిగారు స్వయంగా పరిశీలించారు. తీయించారు, వచ్చింది. పెట్టించారు, పోయింది. పదకొండుసార్లు. అంత ఓపికగల నాయకుణ్ణి నేను చూడలేదు.

టెక్నీషియన్ని పిలిపించారు. "నాసిరకం కేబులు సార్. వైఫైకి అడ్డొస్తోంది. మంచిది ఎదురు షాపులోనే దొరుకుతుంది."

"దీన్ని సప్లై చేసిందెవడయ్యా?"

సెక్రటరీ గొంతు తగ్గించాడు. "మీ బావమరిదిగారు సార్."

"అయితే కేబులు మంచిదే. వైఫై మీద విచారణ వెయ్యండి."

నాలుగూ యాభై ఆరయింది. మాస్టారు గడియారంకేసి చూస్తున్నారు, కనబడకపోయినా.

"సార్, కేబులు తీసేసి ల్యాప్‌టాప్‌లోనే కొట్టెయ్యండి. అయిపోతుంది" అన్నాను.

మంత్రిగారు దయామయులు. కొట్టారు. 'సజీవులు' అని వచ్చింది. మాస్టారి ఫోను కూడా టింగుమంది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఫోటోగ్రాఫర్ దగ్గాడు. "సార్, పెద్ద తెర నల్లగా ఉంది. ఎవరికీ ఏమీ కనపళ్ళేదు."

మంత్రిగారి ముఖం గంభీరమైంది. "ప్రజల కళ్ళముందు జరగని పని మా ప్రభుత్వం చెయ్యదు. అది రద్దు చెయ్యవయ్యా. పెద్ద తెరమీద మళ్ళీ బతికిద్దాం."

"సార్, ఇంకా రెండే నిమిషాలు..."

"మాస్టారూ, రెండు నిమిషాలు ఓపిక పట్టలేరూ?"

"పద్నాలుగు నెలలు పట్టాను. దానికేముంది బాబూ" అన్నారు మాస్టారు.

రద్దు అరక్షణంలో అయిపోయింది. నెట్ అంత చురుగ్గా ఆ రోజు మరి దేనికీ పనిచెయ్యలేదు.

తరవాత కేబులు తగిలించాం. తెర ధగధగా వెలిగింది. మంత్రిగారు ఒక చెయ్యి మాస్టారి భుజంమీద వేసి, రెండో చేత్తో మౌసు అందుకున్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు కూడా.