నల్లమద్ది పేటకు నేను గీసిన గీత

ఒక పెద్ద అడవిలో ఎవరూ అడక్కపోయినా సలహాలు చెప్పే కొంగ ఒకటి ఉండేది. ఆ కొంగను నేనే. ఎప్పుడు చూసినా ఒంటికాలి మీద నిలబడి ఏదో ఆలోచిస్తుంటానని అడవి సభవారు నన్ను పేటల ప్రణాళికాధికారిగా వేశారు. నేను ఆలోచించేది చేపల గురించని వాళ్ళకు తెలియదు.

నాకు అప్పగించిన మొదటి పని నల్లమద్ది పేట. వాగొడ్డున ఒక ముసలి నల్లమద్ది చెట్టు, దాని తొర్రలు, వేళ్ళ సందులు, అన్నీ కలిపి ఆ పేట. కొండ దిగి వచ్చిన గుడ్లగూబలు, మైదానం నుంచి వచ్చిన ఉడతలు, ఎక్కడివో వాళ్ళకే గుర్తులేని ముళ్ళపందులు తాతల నాటి నుంచి అక్కడే కాపురాలు. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. పోట్లాడుకోవడానికి ఆ సగం సరిపోయేది.

నడిమి తొర్రలో పరంజ్యోతమ్మ అనే గుడ్లగూబ ఉండేది. మొగుడు పోయాడు, రెండు గుడ్లు మిగిలాయి. ఆ తొర్ర గుమ్మంలోనే మస్తానమ్మ అనే ఉడత గింజల కొట్టు పెట్టుకుంది.

చీకటి పడ్డాక గుడ్లగూబ వేటకు పోతే ఉడత కొట్టు కట్టేసి ఆ గుడ్లను పొదువుకుని పడుకునేది. పగలు గుడ్లగూబ గుడ్ల మీద నిద్రపోతే గుమ్మంలో బేరాల సందడికి జెర్రిపోతు పాము చెట్టు ఎక్కేది కాదు. మిట్టమధ్యాహ్నం మాత్రం నిద్ర చెడకూడదని ఉడత తోక సైగలతోనే బేరం నడిపేది; గుమ్మంలో ఆ కదలిక చూసినా పాము దగ్గరికి వచ్చేది కాదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పొద్దునా సాయంత్రమూ నాకు చేపల వేళ. అందుకని సర్వేకి మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. మోదుగాకు మీద ఇలా రాసుకున్నాను: "నివాసులు సోమరులు. పట్టపగలు నిద్ర. వ్యాపారం చచ్చిపోయింది. నోరు విప్పే నాథుడు లేడు."

సభలో అధ్యక్షుడు అడవిదున్న గారి ముందు నా పథకం విప్పాను.

"అయ్యా, ఇల్లంటే ఇల్లు, అంగడంటే అంగడి. వాగుకు ఇవతల ఇళ్ళు, అవతల కొట్లు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు పోవాలంటే పాసు ఉండాలి."

"అర్థం కాలేదు గానీ గొప్పగా ఉందయ్యా," అన్నారు దున్నగారు. సభ ఆమోదించింది.

మస్తానమ్మ మర్నాడే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "బాబుగారూ, నన్ను అవతలికి పంపితే ఆ గుడ్లు ఏమైపోతాయి? ఆ తల్లికి పగలు ఒళ్ళు తెలియని నిద్ర."

"గుడ్లు నివాస విభాగం కిందికి వస్తాయమ్మా. నీది వ్యాపార విభాగం. నువ్వు వాటి గురించి దిగులు పడకూడదు," అన్నాను. నా జవాబు నాకే ఎంత నచ్చిందో! రెండుసార్లు చెప్పాను.

కొట్టు అవతలి బండ మీదికి మారింది. ఎవరైనా దాటుతారేమోనని నేనే వాగు మధ్యలో కాపలా నిలబడ్డాను. అక్కడ చేపలు కూడా బాగా ఉంటాయి.

మూడో రోజు పేట ఎంత ప్రశాంతంగా ఉందో! దున్నగారు వచ్చి చూసి, "చీమ చిటుక్కుమంటే వినిపిస్తోంది. ఇదీ అభివృద్ధి," అని మెచ్చుకుని వెళ్ళారు.

అదే రోజు మధ్యాహ్నం బేరాల్లేక చెట్టు వైపే చూస్తూ కూర్చున్న మస్తానమ్మ ఒక్కసారిగా కెవ్వుమంది. జెర్రిపోతు మాను మీద పాకుతోంది. ఆమె రాళ్ళ మీద గెంతుకుంటూ నా దాకా వచ్చింది.

"పాసు ఏదీ?" అన్నాను.

"బాబూ, పాము!"

"పాముకు పాసు అక్కర్లేదమ్మా, అది ఇటువైపుదే. నీ సంగతి చెప్పు."

ఆమె ఆగలేదు. నా నెత్తి మీద కాలేసి దూకింది. తొర్రలోకి దూరి పాము తోక కొరికింది, అరిచింది, గుడ్లగూబను లేపింది. ఇద్దరూ కలిసి పామును తరిమేశారు. అప్పటికి ఒక గుడ్డు పోయింది. నేను పాసు అడిగినంత సేపట్లోనే పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, ముక్కు రెక్కలో దాచుకుంటాను.

విచారణ సంఘం వేశారు. అడవిలో చదువుకున్నది నేనొక్కణ్ణే గనక విచారణాధికారినీ నేనే. "ఇల్లూ అంగడీ ఒకేచోట ఉండే సరికొత్త మిశ్రమ పేట" అని నివేదిక రాశాను. కొట్టు మళ్ళీ తొర్ర గుమ్మంలోకి వచ్చింది. ఇంత కొత్త ఆలోచన ఎలా తట్టిందయ్యా అని దున్నగారు ఆశ్చర్యపోయి నా మెడలో తామరపూల దండ వేశారు. నా మెడకు దండలు బాగా నప్పుతాయి.

సభ అయ్యాక పరంజ్యోతమ్మ ఎండకు కళ్ళు చికిలించుకుంటూ వచ్చింది. నివేదిక ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో నా బిడ్డ ఎక్కడుంది బాబూ?"

వెతికాను. ఇళ్ళకు ఒక గడి ఉంది, కొట్లకు ఒక గడి ఉంది. కింద "నష్టం" అన్నచోట నా చేత్తోనే "లేదు" అని రాసి ఉంది.

ఆమె మిగిలిన గుడ్డు దగ్గరికి వెళ్ళిపోయింది. దండ తీసేద్దామనుకున్నాను. అంతలో రెండో పేట బాగుచేయమని దున్నగారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

నీతి: ఉన్న పేటను ఉన్నట్టు నిలబెట్టినవాడికి సన్మానం తప్పదు, కాకపోతే ముందు దాన్ని పాడుచేసిన అనుభవం ఉండాలి.