కోస్గి దారిలో ఆరు బోర్డులు

పల్లెటూరి ఆడవాళ్లు సొంతకాళ్ల మీద నిలబడాలంటే ముందుగా కావలసింది పెట్టుబడీ కాదు, పనిముట్లూ కాదు. బోర్డు! ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు ఉన్న మంచి ఇనుపరేకు బోర్డు.

నవ్వకండి. పెళ్లయిన మూడు నెలల్లో మా వారి వెంట కోస్గి వైపు ఆరుసార్లు బస్సెక్కి, ఆరు బోర్డుల ప్రారంభోత్సవాలు కళ్లారా చూసి చెబుతున్న మాట ఇది.

మా వారు గ్రామీణ మహిళా సహాయ సంఘానికి కార్యదర్శి. గొర్రెల ఉన్ని వడికి, గొంగళ్లు నేయించి సంతలో అమ్ముకునే ఆడవాళ్లకు అండగా నిలవడం సంఘం ఆశయం. అండగా నిలవాలంటే అసలేదో ఒకటి నిలబడాలి కదా? బోర్డు నిలబడుతుంది.

మొదటిది కోస్గి దారిలోని ఒక ఊళ్లో సంఘం పేరుతో వెలిసింది. అందులో అధ్యక్షురాలు అరుణమ్మగారి పేరు చిన్నదైందని రెండోది. ఉపాధ్యక్షుడు బాలస్వామిగారి పేరు రెండింటిలోనూ లేదని మూడోది. ఆ మూడూ ఎక్కడున్నాయో చూపడానికి రోడ్డు మీద నాలుగోది. బ్లాకు అధికారి వస్తున్నారని ఐదోది. ఇంత క్రమశిక్షణ మరే పనిలోనైనా చూశారా?

పైగా, ఈ బోర్డులే లేకపోతే కిటికీ పక్కన కూర్చుని, ఆముదపు చేలు చూస్తూ, ఒక్క పొట్లంలోని పుట్నాలు మా వారితో పంచుకు తినే యోగం నాకెక్కడిది? సంఘాన్ని విమర్శించేవారు ఈ సంగతి ఆలోచించరు.

ఒక్క నర్సింగమ్మకే బోర్డుల మీద గురి కుదరలేదు. ఆ ఊళ్లో ఉన్ని వడికే ఆడవాళ్లకు ఆమే పెద్ద. మొదటి సభలోనే లేచింది.

"సారూ, మేం పనిచేసే కాడ కప్పు లేదు. చింతగింజల గంజి పెట్టిన నూలు ఆరకముందే వాన పడితే గంజంత కారిపోతది. పోయినేడు గట్లనే ఖరాబైంది. ఈయేడు గూడ గట్లనే అయితే గొంగళ్లు లేవు, సంత లేదు. జర నాలుగు రేకులిప్పియ్యుండ్రి."

మా వారు రాసుకున్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది. ఆరో బోర్డు వెలిసింది: "కప్పు విషయం పరిశీలనలో ఉన్నది."

పోయిన వారం ఏడో బోర్డును బస్సు మీద వేసుకుని బయలుదేరాం. ఆరు బోర్డుల ప్రగతిని వివరించే బోర్డు అది. ముందురోజే తొలకరి కురిసింది. బస్సు దిగి చూస్తే రోడ్డు మీద బోర్డు లేదు. ఊళ్లోనూ ఒక్కటీ లేదు. మా వారి మొహం పాలిపోయింది.

ఆరూ కల్లంలో కనిపించాయి. గుంజల మీద వరసగా పరిచి ఉన్నాయి. కింద నూలు పొడిగా ఆరుతోంది. నర్సింగమ్మ కదురు తిప్పుతోంది.

"ఇదేం పని నర్సింగమ్మా? అవి సంఘం బోర్డులు."

"ఖరాబేం చేయలే సారూ. పేర్లన్ని లోపలి దిక్కే పెట్టినం, తడవకుంట."

తల ఎత్తి చూశాను. అరుణమ్మగారు, బాలస్వామిగారు, అందరూ క్షేమంగా ఉన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "బిడ్డా, మీరు తెచ్చింది ఎంత పొడుగుంటది? గా మూలకు ఇంక కురుస్తాంది."

నేను కొలత చెప్పాను. మా వారు చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కారు. నర్సింగమ్మ మేకులు కొట్టేదాకా ఏడో బోర్డును రెండు చేతులా పట్టుకుని అలాగే ఉన్నారు.

సంఘం అండగా నిలవడం నేను చూడటం అదే మొదటిసారి.