ఎనభై వాట్ల లోటు

మోరాగ్ ఒక మంగళవారం పొద్దున పోయింది. ఆ మధ్యాహ్నమే వాళ్లు కట్టుకోబోయే కొత్త ఇంటి వేడి లెక్క పోస్టులో వచ్చింది. ఆమె భర్త ఫెర్గస్ ఆ కవరు విప్పింది మూడు నెలల తర్వాత, జూన్‌లో, వంటింట్లో కోటు వేసుకుని కూర్చుని. భూమి దక్షిణపు కొసన ఉన్న డనీడిన్‌లో జూన్ అంటే నడి చలికాలం. కొండ మీది ఆ పాత ఇంట్లో కోటు లేకుండా టీ తాగడం కుదరదు. లెక్క సరిచూసి, సంతకం చేసి, మధ్యాహ్నం టపాకు అందించాలని అనుకున్నాడు.

కొత్త ఇంటిని వెచ్చగా ఉంచడానికి చదరపు మీటరుకు ఏడాదికి పదిహేను యూనిట్ల కరెంటు మించకూడదు. తక్కువ ఖర్చుతో వెచ్చగా ఉండే ఇల్లుగా గుర్తింపు రావాలంటే అదీ షరతు. లెక్కలో పద్నాలుగున్నర వచ్చింది. మించితే వంటింటి దక్షిణపు కిటికీ తీసేయాలి. ఆ దేశంలో దక్షిణం వైపు ఎండ పడదు, ఉన్న వేడి కూడా పోతుంది. కానీ సముద్రం కనిపిస్తుంది. ఆ ఇంట్లో మోరాగ్ కావాలని అడిగింది అదొక్కటే.

‘మనుషుల వేడి’, అంటే ఇంట్లో ఉండేవాళ్ల ఒంటి నుంచి వచ్చే వేడి, అన్న వరుసలో ‘ఇద్దరు, ఒక్కొక్కరికి ఎనభై వాట్లు’ అని ఉంది. ఫెర్గస్ నలభై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో కొలతలు చూసినవాడు. తప్పని తెలిసిన అంకెను ఉండనివ్వలేడు. ‘ఇద్దరు’ కొట్టేసి ‘ఒకరు’ అని రాశాడు. మళ్లీ లెక్క వేశాడు. పదహారు దాటింది.

అప్పుడే పక్కింటి నోలీన్ తను కాల్చిన స్కోన్ రొట్టెలు తెచ్చింది.

"ఏం ఫెర్గస్, అలా ఉన్నావు?"

"లెక్క కుదరట్లేదు నోలీన్. ఇంట్లో ఒక మనిషి తక్కువ. వేడి చాలట్లేదు."

నోలీన్ కళ్లు తుడుచుకుంది. "నోరు తెరిచి అడిగావు, అదే పదివేలు. ఇక నాకు వదిలెయ్."

"నేనేం అడిగాను?"

ఆమె అప్పటికే గేటు దాటింది. ఆ రోజు చర్చి హాల్లో విరాళాల కోసం రొట్టె ముక్కల్లో చీజ్ పెట్టి రోల్స్ చుట్టే పని ఉంది. అక్కడ ఇరవైమంది ఆడవాళ్లు, నలభై చేతులు. నోళ్లకు మాత్రం పని లేదు.

ఒంటిగంటకు ఆ హాలు నుంచే గ్లెనిస్ వచ్చింది. భర్త పోయి ఆరేళ్లయింది. రెండు డజన్ల రోల్స్ బల్ల మీద పెట్టి, "ఇంట్లో మనిషి కావాలన్నారట," అంది, కొంచెం ఎర్రబడి.

గది అద్దెకు అడుగుతోంది కాబోలనుకుని ఫెర్గస్ పెన్సిల్ తీశాడు. "రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు?"

"ఎక్కువగా ఇంట్లోనే."

"నిద్ర ఎన్ని గంటలు?"

"ఏమిటీ?"

"పడుకుంటే మనిషి వేడి తగ్గుతుంది. మీ బరువు కూడా చెబితే ఇంకా కచ్చితంగా తేలుతుంది."

గ్లెనిస్ లేచింది. ఆమెతోపాటు రోల్స్ పళ్లెం కూడా లేచింది.

మూడింటికి మోరాగ్ తమ్ముడు రేమండ్ తలుపు బాదాడు. "ఆడవాళ్లను తూకం వేసి ఎంచుతున్నావటగా బావా! మా అక్క పోయి మూడు నెలలేగా!"

"కిటికీ కోసంరా."

"ఏ కిటికీ?"

ఫెర్గస్ కాగితం ముందుకు తోశాడు. రేమండ్ చాలాసేపు చదివాడు. "ఇక్కడ ‘ఇద్దరు’ కొట్టేశావేం?"

"ఇద్దరం లేముగా."

రేమండ్ కూర్చున్నాడు. తెచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. "పోనీ, నేనొచ్చి ఉండనా? నా ఒళ్లు కుంపటంటుంది మా ఆవిడ."

"నువ్వు గురక పెడతావు."

"గురక్కి వాట్లు లేవా?"

చివరికి ఆ లెక్క వేసిన మెరియానాకు ఫోన్ చేశారు. అంతా విని ఆమె అసలు సంగతి చెప్పింది.

"ఫెర్గస్ గారూ, ఆ ‘ఇద్దరు’ మిమ్మల్ని చూసి వేసింది కాదండీ. ఇంటి వైశాల్యాన్ని బట్టి పడే అంకె. మీరొక్కరే ఉన్నా, ఆరుగురున్నా మారదు."

"అయితే మోరాగ్‌ని తీసెయ్యక్కర్లేదా?"

"లెక్కలో ఆవిడ ఎప్పుడూ లేరండీ. తీసెయ్యడానికేం లేదు. కిటికీ ఉంటుంది."

రేమండ్ ఒక స్కోను అందుకున్నాడు.

"ఒక్క మాట," అంది మెరియానా. "ఆ కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో పెట్టాలో తర్వాత చెబుతానన్నారావిడ. మీకేమైనా చెప్పారా?"

రేమండ్ స్కోను కింద పెట్టాడు. మోరాగ్ సముద్రాన్ని సింకు దగ్గర నిలబడి చూడాలనుకుందో, కుర్చీలో కూర్చుని చూడాలనుకుందో బావా బావమరుదులిద్దరికీ తెలియదు.

ఎత్తు రాయవలసిన గడిలో ఇంకా ఏమీ రాయలేదు.